తలుపేసి పెట్టిన బువ్వ

తలుపు మూసేది ఈగల కోసమే అని నేను ఇంట్ల అందరికీ చెప్పిన. అడగనోళ్లకు కూడ చెప్పిన.

మా మనుమరాలికి అప్పుడు ఏడో నెల నడుస్తుండె. మహబూబ్‌నగర్‌ల మా ఇంటి వెనుక అర్రల తలుపుకు గొళ్లెం పెట్టి, పిల్లను ఒళ్లె కూసోబెట్టుకొని, ఉగ్గు గిన్నె ముంగట పెట్టుకొని, దినాం మూడుసార్లు నేను లడాయికి దిగేదాన్ని. బియ్యం, పెసరపప్పు దోరగ వేయించి, మర పట్టించి, జల్లించి, చుక్క నెయ్యి వేసి వండిన ఉగ్గు. దాన్ని నేను తిని చూసిన, బాగుండె. మా ఆయన తిన్నడు, ఇంకొంచెం ఉందా అన్నడు. తినాల్సిన మనిషి మాత్రం మొదటి చెంచా నోట్లకు పోంగనే నా మొఖం దిక్కు ఒక చూపు చూసి, నాలుకతోని మెల్లగ బయటికి నూకేది. ఏడ్వదు, మొత్తుకోదు. నూకుడే. రెండో చెంచాకు పెదవులు బిగబట్టేది. మూడో చెంచాకు తల అటు తిప్పేది. నాలుగో చెంచా నా జాకెట్టు మీద పడేది.

"నీ పోలికే," అనేటోడు మా ఆయన, అర్ర బయట నుంచే. "వద్దంటే వద్దే."

"నా పోలికైతే ఎందుకు వద్దో కూడ చెప్తుండె," అని నేను లోపల నుంచి.

ఇప్పుడు చెప్తే నవ్వులాట లెక్కనే ఉంటది. అప్పుడు మా ఇంట్ల నవ్వులాట కాకుండె. నా బిడ్డ కోస్గి దగ్గర ఒక పల్లెల పంచాయతీ కార్యదర్శి. పరీక్ష రాసి, ఎవరి సిఫారసు లేకుండ తెచ్చుకున్న ఉద్యోగం. కాన్పు సెలవు ఆరు నెలలు ఒడిసిపోయినై. పెద్దసార్లను బతిమాలి ఇంకొక నెల తీసుకుంది. వచ్చే సోమవారం డ్యూటీల చేరాలె. పొద్దుగాల ఎనిమిదింటికి బస్సెక్కితే మళ్ల ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు దాటుతది. ఆ పది గంటలు పిల్ల ఏం తిని ఉండాలె? పాలు పిండి ఫ్రిజ్జుల పెడ్త అన్నది, పెట్టి చూసింది కూడ. సీసా నోట్ల పెట్టంగనే పిల్ల మా దిక్కు చూసిన చూపు ఎట్లుండె అంటే, మేమేదో మోసం చేస్తున్నమని దానికి ముందే తెల్సినట్టు. గిన్నెతోని పోస్తే పొలమారింది. తల్లి పాలు, అవి గూడ తల్లి ఒళ్లె పండుకొని తాగితేనే తప్ప ఇంకేదీ దాని లెక్కల తిండి కాదు.

ఆ వారం మొదట్ల ఒకనాడు పొద్దుగాల నా బిడ్డ ఉప్మా గిన్నె ముంగట పెట్టుకొని తినకుండ కూసుంది.

"సోమవారం దాక చూస్తనమ్మా. అప్పటికి నీ చేతుల తినకపోతే ఉద్యోగం ఇడిసిపెడ్త. ఏం జెయ్యాలె మరి?"

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ మాట నాకు కొత్తది కాదు. ఇరవై ఆరేండ్ల కింద నేనే అన్న. డిగ్రీ పాసై హైస్కూల్ల పిల్లలకు సైన్సు చెప్తున్న దినాలు అవి. ఇదే బిడ్డ ఎనిమిది నెలల పిల్లగున్నప్పుడు "జర ఓ నెల ఇంట్లుంట" అని మానుకున్న. ఆ నెల ఇప్పటికీ ఒడువలేదు. నన్ను మానుకొమ్మని ఎవరూ అనలే. అంటే మంచిగుండు, కొట్లాడి చేస్తుంటి.

"నువ్వు ఉద్యోగం ఇడిసిపెడితే నేను ఇల్లిడిసి పోత," అన్న.

"ఏడికి పోతవమ్మా?"

"మీ పంచాయతీ ఆఫీసుకే. నీ కుర్చీల నేను కూసుంట. నల్లా రాలేదని వచ్చినోళ్లతోని నీకంటె మంచిగ మాట్లాడుత."

నవ్వింది గాని, ఉప్మా తినలే.

నీళ్లు పోసే కాడ మాత్రం పిల్ల నా మాట వినేది. పొద్దున నల్లా వచ్చి పోయినంక, పెరట్లకు ఎండ దిగినంక, బండ మీద పీట ఏసుకొని కాళ్లు బార్లా చాపుకొని కూసునేదాన్ని. నా కాళ్ల మీద పిల్లను బోర్ల పండవెట్టి సున్నిపిండితోని వీపు రుద్దుతుంటే, అది కప్ప లెక్క కాళ్లు ఆడిస్తూ ఊ ఊ అని ఎవరికో పితూరీలు చెప్పేది. ఇక్కడ కూడ నాకు, నా బిడ్డకు కొట్లాట లేకుండ ఒక్క చెంబు నీళ్లు దిగలే. ముక్కుల నూనె పొయ్యొద్దంటది. నేనెప్పుడు పోసిన? చెవుల ఊదొద్దంటది. ఊదిందెవరు? ఫోన్ పట్టుకొని పక్కన నిలబడి ఎవరో డాక్టరమ్మ వీడియో చూపెడ్తది. నీళ్లు గోరువెచ్చగనే ఉండాలట, మోచెయ్యి ముంచి చూడాలట.

"నీకు పొగలొచ్చే నీళ్లు పోసిన. ఏమైంది, తోలు ఊడిందా?"

"అందుకేనేమో నాకు గింత కోపం."

"కోపం నా పోలిక. నీళ్ల మీద పెట్టకు."

సాంబ్రాణి పొగ కూడ వద్దన్నది. పసిపిల్లల ఊపిరికి పొగ మంచిది కాదని నాకూ తెల్సు, సైన్సు చెప్పినదాన్నే. కాని తెల్సిన ముచ్చటే బిడ్డ నోట్ల నుంచి వస్తే ఎందుకో ఒప్పుకోబుద్ధి కాదు. పొగను పిల్లకు పట్టకుండ పిల్ల బట్టలకు పట్టి ఆరేసిన. ఇద్దరమూ గెల్చినమనుకున్నం.

నీళ్లు పోసుకున్న పిల్ల గంట, రెండు గంటలు ఒళ్లు మరిచి పండుకోవాలె. అది మాత్రం పావుగంటకే లేచేది. కడుపు నిండని పిల్ల ఎట్ల పండుకుంటది? ముందు అర్రల కొండికి నా పాత నూలు చీరె కట్టి తొట్టెల ఏసినం. నా బిడ్డ ఊపితే కొంతసేపు పండుకునేది. నేను ఊపితే తొట్టెల అంచు పట్టుకొని, తల పైకెత్తి, బస్సు కిటికీలకెళ్లి చూసినట్టు నన్నే చూసేది. నాకు జోలపాటలు రావు. మా అమ్మ పాడేది గాని నేను అప్పుడు కూడ వినకుండ ఎదురు మాట్లాడిన్నట. ఒకనాడు గ్యాస్ బండ తెచ్చేటాయనతోని ఫోన్‌ల జగడమైంది. మూడు దినాల నుంచి ఇయ్యాల, రేపు అంటున్నడు. నేను ఒక చేత్తోని తొట్టెల ఊపుతూ, ఇంకో చేత్తోని ఫోన్ పట్టుకొని కడుపు నిండ తిట్టి ఫోన్ పెట్టి చూస్తే పిల్ల పండుకొని ఉంది, నోరు కొంచెం తెరుచుకొని. ఆనాటి నుంచి దినాం ఎవరూ లేని ఫోన్‌ల ఎవర్నో ఒకర్ని తిట్టేదాన్ని.

మా ఆయన ఒకసారి అన్నం కోసం ఇంటికొచ్చి గడపల ఆగిండు. "ఎవల్ని తిడుతున్నవే?"

"ఎవల్ని లేదు."

"అమ్మయ్య," అని చెప్పులిడిసిండు.

నిద్ర సంగతి గిట్ల ఎట్లనో నడిచింది. తిండి సంగతే నడువలే. పిల్లల డాక్టరు దగ్గరికి పోయినం. ఆయన తూకం వేసిండు, నోరు చూసిండు, కడుపు ఒత్తి చూసిండు. పిల్ల మంచిగనే ఉన్నది, ఫికర్ లేదు, జోర్ చెయ్యకుండ్రి, అలవాటైతది అన్నడు.

"ఎన్ని దినాలకు అలవాటైతది?" అని అడిగిన.

"గట్ల చెప్పలేమమ్మా. ఒక్కో పిల్ల ఒక్కో తీరు."

"మాకు సోమవారం దాకనే టైమున్నది. పిల్లకు మీరు చెప్పుండ్రి."

ఆయన కలం కింద పెట్టి నన్ను చూసిండు. "మీరు తినవెట్టేటప్పుడు కూడ గిట్లనే మాట్లాడుతరా?"

నా బిడ్డ పిల్లను మొఖానికి అడ్డం పెట్టుకొని నవ్వింది. వచ్చేటప్పుడు ఆటోల నేను ఆమెతోని మాట్లాడలే.

నేను మాట్లాడకుంటే కోపమొచ్చిందో, ఇంకేమనుకున్నదో, నా బిడ్డ నాకు చెప్పకుండ అత్తగారికి ఫోన్ చేసింది. గురువారం పొద్దున పదింటికి నారాయణపేట నుంచి మా వియ్యపురాలు దిగింది. చేతిల ఒక సంచి. సంచిల నాలుగు జొన్న రొట్టెలు గుడ్డల చుట్టి, ఒక డబ్బల పల్లీల పొడి.

మా వియ్యపురాలి గురించి నిజం చెప్పాలె. ఆమె బడి మెట్టు ఎక్కలే. పెండ్లైన నాటి నుంచి మగ్గం పక్కన కూసోని కండెలకు నూలు చుట్టింది. మగ్గం చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు ఇంటి గోడలు దాటుతది. పెండ్లి నాటి నుంచి నన్ను "వదినె, వదినె" అని నోరార పిలుస్తది. నేను కూడ వదినె అనే అంట గాని, లోపల నేనొక మెట్టు మీద నిలబడి అంట. ఇదివరకు రెండిండ్లదీ ఒకటే జిల్లా. జిల్లాలు విడిపోయినంక ఆమె పక్క జిల్లా మనిషైంది, అది కూడ నాకు మంచిగనే అనిపించింది.

ఆమె వచ్చి కాళ్లు కడుక్కొని, పిల్లను ఎత్తుకొని, మెడల మొఖం పెట్టి వాసన చూసింది. "సాంబ్రాణి ఏసినవా వదినె, మంచిగుంది," అన్నది. నా బిడ్డ నా దిక్కు చూసింది. నేను పిల్లకు తినవెట్టే టైమైంది అని పిల్లను తీసుకున్న. గిన్నె తీసుకున్న. వెనుక అర్రలకు పోయిన. వియ్యపురాలు సంబురంగ నా ఎనుకే వచ్చింది. నేను చేతి అలవాటుగ తలుపు మూసిన. గొళ్లెం పెట్టిన.

గొళ్లెం చప్పుడు విన్నంకనే నాకు తెల్సింది నేను ఏం చేసిన్నో.

పది దినాల నుంచి ఆ తలుపు మా ఆయన మీద మూసిన, నా బిడ్డ మీద మూసిన, పాలామె మీద మూసిన. ఎవరూ ఏమనుకోలే. ఇప్పుడు పిల్ల సొంత నాయినమ్మ మొఖం మీద మూసిన.

తీసేసరికి ఆమె అక్కడనే నిలబడి ఉంది. గొంతు గోడలు దాటలే. అదే నాకు భయమైంది.

"నా కండ్లు గంత చెడ్డయా వదినె?"

"అయ్యో, అదేం మాట! ఈగలు. ఈగలకు తలుపేసిన."

"ఈగలు నాతోని బస్సుల రాలే."

"ఇంట్ల ఈగలు, వదినె. బెల్లం చుట్టూర..."

"అమ్మా," అన్నది నా బిడ్డ వంటింట్ల నుంచి, "ఈగలకైతే ఆ తలుపుకు ఇనుప జాలి రెక్క కూడ ఉంది. జాలి తలుపు వేస్తే సరిపోతుండె. నువ్వు కట్టె తలుపు వేస్తున్నవ్."

కడుపుల పుట్టినోళ్లు గిట్ల సాక్ష్యం చెప్తరని ముందే ఎవరైన చెప్పాల్సింది.

జవాబు లేకపోతే నేను గొంతు పెంచుత. పెంచిన. ఎవరి నమ్మకాలు వాళ్లకు ఉంటయన్న. పిల్ల అటు ఇటు చూస్తే తినదు, అందుకే తలుపేసిన్నన్న. నేను దిష్టిని నమ్ముతనా, నన్నెరుగరా, పిల్ల నడుముకు నల్లదారం కట్టిందే మీరు అన్న. ఆమె అంత విని, పిల్లను నా చేతుల నుంచి తీసుకుంది.

"నమ్మేదాన్ని నేనే వదినె, నేను గాదని ఎన్నడన్న? నల్లదారం నేనే కట్టిన. కాని తలుపు నేను ఎయ్యలే."

నేను వంటింట్లకు పోయి, కడిగిన గిన్నెలనే మళ్ల కడిగిన.

నా బిడ్డను పెంచేటప్పటి ఒక ముచ్చట నేను ఎవరికీ చెప్పలే. ఇది ఏడెనిమిది నెలల పిల్లగున్నప్పుడు మా అత్త వాకిట్ల కూసోని, నలుగురి నడుమ తినవెడ్తుండె. గిన్నెడు తినేది. ఒకనాడు దారిన పోయే ఒకామె ఆగి, "అబ్బ! గింత పోరి, ఎంత తింటుందే!" అన్నది. తెల్లారి వాంతులు, విరేచనాలు. వారం దినాలు దవాఖానల సెలైను. నీళ్ల తప్పు అని డాక్టరు చెప్పిండు. నేనూ బళ్లె అదే చెప్పేదాన్ని. సూక్ష్మజీవులు, కాగబెట్టని నీళ్లు, బోర్డు మీద బొమ్మ గీసి మరీ. కాని దవాఖాన బెంచి మీద కూసున్నప్పుడు నా చెవుల మోగింది బోర్డు మీద రాసిన పాఠం కాదు, ఆమె "అబ్బ" అన్న మాట. ఇంటికొచ్చినంక పిల్లను ఇంకెవరి చేతులకూ ఇయ్యనన్న. బడికి సెలవు చీటీ రాసిన. అప్పటి నుంచి నా చెయ్యి ఆ తలుపు మూస్తూనే ఉన్నది. నా నోరు ఇంకో దిక్కు మాట్లాడింది, అంతే.

గిన్నెలు తోముతూ ఇదంత నేను ఒప్పుకున్న అనుకోవద్దు. ఒప్పుకోలే. వియ్యపురాలు పోయేదాక ఎట్ల మర్యాదగ ఉండాలె అని ఆలోచన చేస్తున్న.

పగటి బువ్వకు మా ఆయన వచ్చిండు. ముందు అర్రల చాప ఏసి ముగ్గురు కూసున్నరు. నేను వడ్డిస్తున్న, ఎవరి మొఖమూ చూడకుండ. వియ్యపురాలు పిల్లను తన తొడ మీద కూసోబెట్టుకొని, తాను తెచ్చిన జొన్న రొట్టె తుంచి ఉప్పెయ్యని పప్పుకట్టుల నానేసింది. తన పని తాను చేసుకుంటుంది. రొట్టె తింటుంది, నారాయణపేట ముచ్చట్లు చెప్తుంది, ఇప్పుడు అమ్మాయిలు ఏ రంగు చీరెలు అడుగుతున్నరో చెప్తుంది. పిల్లను చూస్తనే లేదు.

పిల్ల మాత్రం చూస్తుంది. మా ఆయన నోరు తెరిస్తే మా ఆయన నోరు. నా బిడ్డ నమిలితే నా బిడ్డ దవడ. ఒకరి నుంచి ఒకరికి తల తిప్పుతూ, ఇన్ని దినాలు వీళ్లంత నా ఎనుక ఏం చేస్తున్నరో ఇయ్యాల పట్టుకున్న అన్నట్టు. కొంతసేపటికి ముంగటికి వంగి నాయినమ్మ గిన్నెల చెయ్యి పెట్టింది. పప్పుల నాని మెత్తగ మెదిగిన రొట్టె వేళ్ల నడుమకెళ్లి జారింది. చేతికి అంటింది నోట్ల పెట్టుకుంది. చప్పరించింది. మళ్ల వంగింది.

మా ఆయన ముద్ద చేతిల పట్టుకొని ఆగిండు.

"నువ్వు తిను అన్నా," అన్నది వియ్యపురాలు మెల్లగ. "నువ్వు ఆగితే అది ఆగుతది."

మా ఆయన కూర లేకుండనే గబగబ తినవట్టిండు. పిల్ల కూడ. ఐదుసార్లు వియ్యపురాలు వేలితోని మెత్తగ మెదిపి నాలుక మీద పెట్టింది, ఐదుసార్లు మింగింది. ఆరోసారి వద్దన్నది, ఆమె సరే అని తన రొట్టె తాను తినుకుంట కూసుంది.

నేను గంటె పట్టుకొని వంటింటి గడపల నిలబడ్డ. సంబురం కావాల్నా, కోపం కావాల్నా నాకు తెలువలే. రెండూ అయినై.

"జొన్న రొట్టె గింత చిన్న పిల్లకు అరుగుతదా?" అన్న.

"నాకు ముగ్గురు పిల్లలకు అరిగింది. నీ అల్లునికి అరిగింది."

"నా ఉగ్గుల ఏం తక్కువైంది మరి?"

అప్పుడు నవ్వింది ఆమె, పొద్దున నుంచి మొదటిసారి. "ఉగ్గుల ఏం తక్కువ లేదు వదినె. మూసిన అర్రల ఎదురుంగ కూసోని దాని నోట్లకే చూస్తుంటే పోలీసోళ్లు పట్కపోయి అడిగినట్టుండదా? నాకు తలుపు ఏడిది? మగ్గం ఉన్న అర్రలనే పిల్లలు, అండ్లనే బువ్వ. చీరెలకొచ్చినోళ్లు, నూలు తెచ్చినోళ్లు, అందరు చూస్తనే ఉండె. అందరి కండ్లు పడినై. పడితే తీసేసిన. ముందు తిననియ్యాలె గద."

జవాబు ఉండె నా దగ్గర. ఏదో ఒక జవాబు ఎప్పుడూ ఉంటది. ఆ పూట మింగిన.

శుక్రవారం వియ్యపురాలు పెట్టింది. తల్లి లేకున్నా తింటదా చూద్దామని నా బిడ్డ మిద్దె మీదికి పోయి కూసుంది. పిల్ల తిన్నది. సాయంత్రం నన్ను పెట్టమన్నరు. రొట్టె కాదు, నా ఉగ్గే పెడ్త అన్న, అంత మాత్రం పట్టు నాకు ఉండాలె గదా. ముందు అర్రల, వీధి తలుపు బార్ల తీసి, నేను నా గిన్నెల నుంచి తింటూ, దాని గిన్నెల నుంచి దానికి. మొదటి చెంచా నూకేసింది. నేను దాని మొఖం చూడకుండ గోడ మీది గడియారాన్ని చూసిన. నా ఒళ్లంత కండ్లే ఉండె, అయినా చూడలే. రెండోది మింగింది. నేను గడియారానికే "మంచిది" అన్న.

శనివారం అసలు పరీక్ష. మా ఎదురింటామె మంచిదే, కాని చూసిన ప్రతిదాన్నీ మెచ్చుకుంటది. మా మందారం చెట్టును మెచ్చుకున్నంక అది పూత ఆపిందని మా వాడల ఒక మాట ఉంది. ఆ మాట మొదట అన్నది నేనే. పిల్ల నోరు తెరిచి ఆ అంటుంది, నా చెయ్యి గిన్నె నుంచి లేచింది, సరిగ్గ అప్పుడే ఆమె చాట అడిగేతందుకు గడపల నిలబడ్డది.

"అబ్బ! ఎంత మంచిగ తింటుందే!"

నా చెయ్యి గాల్ల ఆగింది. ఇరవై ఆరేండ్లు ఒక్కసారి చెవుల మోగినై. తలుపు తీసే ఉంది. నేను లేస్తే మూయొచ్చు. లోపల నుంచి వియ్యపురాలు చూస్తుందని నాకు తెల్సు. పిల్ల మాత్రం చెంచా ఎందుకు రావట్లేదని నా చెయ్యి పట్టి గుంజింది. దాని వేళ్లకు ఉగ్గు అంటి జిగటగ ఉన్నై. ఆ జిగటతోని నా మణికట్టు పట్టుకుంది.

పెట్టిన.

"ఇంకా తింటది, కూసో," అన్న ఎదురింటామెతోని. ఆమె కూసుంది. గిన్నె ఒడిసేదాక కూసోని, ఒక్కో ముద్దకు ఒక్కో మాట మెచ్చుకుంది. చాట మరిచిపోయి పోయింది.

ఆమె పోంగనే వియ్యపురాలు గుప్పెట్ల ఉప్పు, ఎండు మిరపకాయలు పట్టుకొని వచ్చింది. నన్ను అడగలే. నేను వద్దనలే. పిల్లను పట్టుకొని బుద్ధిగ తూర్పు దిక్కు తిరిగి కూసున్న. మూడుసార్లు తిప్పి పెరట్ల పొయ్యిల ఏసింది. మిరపకాయల ఘాటు వచ్చి ఆమె, నేను, మా ఆయన అందరం దగ్గినం. నా బిడ్డ పొగ పొగ అని పిల్లను ఎత్తుకొని మిద్దె మీదికి ఉరికింది.

"ఘాటొచ్చింది," అన్నది వియ్యపురాలు, కండ్లు తుడుచుకుంట. "దిష్టి లేదు."

మిరపకాయ మంటల ఏస్తే ఘాటు ఎందుకొస్తదో నేను బోర్డు మీద రాసి చెప్పగల్గుత. కాని ఆ మాట వినంగనే నా వీపు మీద నుంచి ఏదో దిగినట్టైంది. ఎవరి సాక్ష్యం నమ్మిన్నో ఎవరికీ చెప్పలే. వియ్యపురాలికి చెప్పకపోయినా తెల్సు. ఆ పూట ఆమెకు చాయ్ పెట్టి ఇచ్చేటప్పుడు, "తలుపు ఏసింది తప్పే వదినె," అన్న. నా జీవితంల ఈ తప్పు అనే మాటను నా పక్కన పెట్టుకొని వాడింది చాల తక్కువ. ఆమె చాయ్ ఊదుకుంట, "చక్కెర జర తక్కువైంది," అన్నది. గంతే.

ఆదివారం సాయంత్రం ఆమె నారాయణపేట బస్సెక్కింది. ఇంట్ల పని ఆగిందట. ఇంకో నాలుగు దినాలుండమన్న. నోటి మాటగ కాదు, నిజంగనే అన్న.

సోమవారం నా బిడ్డ ఎనిమిదింటి బస్సుకు పోయింది. పోయేముందు పాలిచ్చింది, మూడుసార్లు వాకిలి దాక పోయి మూడుసార్లు వెనుకకొచ్చింది. నేనే సంచి భుజానికి తగిలించి బయటికి నూకిన. పదింటికి పిల్లకు నీళ్లు పోసిన. మోచెయ్యి ముంచి చూసిన, ఎవరూ చూస్త లేరు గదా అని. తొట్టెల ఏసి ఎవరూ లేని ఫోన్‌ల కరెంటోళ్లను తిట్టిన, నలభై నిమిషాలు పండుకుంది. మా ఆయన ఒంటిపూట సెలవు పెట్టిండు. నాతోని ఎదురుంగ కూసోని తినేటోడు ఒకడు కావాలె గదా. ఆఫీసుల ఏం కారణం రాసిండో నేను అడగలే.

పన్నెండున్నరకు చాప ఏసినం. మా ఆయన తిన్నడు, నేను తిన్న, పిల్ల చూసింది. చాలసేపు చూసింది. దర్వాజ దిక్కు కూడ చూసింది, తల్లి వస్తదేమోనని. పెదవి వంకర పోయింది. నేను దాని దిక్కు చూడకుండ మా ఆయనతోని కొట్లాటకు దిగిన. కూరల కారం ఎక్కువైందన్నడు, కాలేదన్న. అయిందన్నడు, నీ నాలుక తప్పన్న. పిల్ల ఇద్దరి నోర్లను మార్చి మార్చి చూసి, ముంగటికి వంగింది.

ఒంటి గంటకు ఫోన్ మోగింది. నా బిడ్డ. ఎనుక నుంచి మనుషుల గొంతులు, ఎవరో బోరు మోటరు గురించి మొత్తుకుంటున్నరు.

"అమ్మా, తిన్నదా?"

"తిన్నది. ఏడు చెంచాలు. ఎనిమిదోది మీ నాయిన అంగి మీద ఉమ్మింది."

"నిజం చెప్పు."

"అంగి చూపియ్యాల్నా?"

ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఏడుస్తుందేమో అనుకున్న. అటు నుంచి ఎవరో "మేడం, సంతకం" అన్నరు.

"సరే అమ్మా, పనుంది నాకు," అని నా బిడ్డ ఫోన్ పెట్టేసింది.

మధ్యల మాట తెంపి ఫోన్ పెట్టేస్తే నేను ఊకునే మనిషిని కాదు. మళ్ల చేసి అడుగుత. ఆనాడు మాత్రం ఆ ఫోన్ చేతిల పట్టుకొని కూసున్న. ఎంత మంచిగ పెట్టేసిందో అనిపించింది. పిల్ల నా కొంగు గుంజింది, మా ఆయన అంగి నానేస్తనని లేచిండు, నేను నా కంచంల సల్లబడ్డ అన్నం కలుపుకొని కడుపు నిండ తిన్న.